అన్నం మానేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణం ఆకలితో చస్తుందా?

పెట్ స్కాన్ రిపోర్టు చేతికొస్తుంది. ఊపిరితిత్తిలో ఉన్న గడ్డ ‘గ్లూకోజును ఎక్కువగా లాగుతోంది’ అని డాక్టరు చెబుతారు. ఇంటికి వచ్చేసరికి ఆ మాట వేరేలా మారిపోతుంది. ‘క్యాన్సర్‌కి తిండి చక్కెరేనట. అన్నం ఆపేయండి, పాలల్లో పంచదార వద్దు, అరటిపండు కూడా పెట్టకండి’ అని బంధువుల ఫోన్లు మొదలవుతాయి. వాట్సాప్‌లో నాలుగు వీడియోలు వస్తాయి. రోజూ మూడు పూటలా అన్నం తిన్న మనిషి జావకు దిగుతారు. మొదటి కీమోకు పిలుపొచ్చేసరికి బరువు తగ్గిపోయి, ‘ఈ స్థితిలో మందు ఎక్కించలేం, కాస్త కోలుకున్నాక రండి’ అనిపించుకుంటారు.

కృష్ణా డెల్టాలో అన్నం అంటే భోజనానికే ఇంకో పేరు. దాన్ని మాన్పించే ముందు అసలు విషయం ఏమిటో తెలుసుకోవాలి. క్యాన్సర్ కణం మామూలు కణం కంటే ఎక్కువ గ్లూకోజు తీసుకుంటుందన్నది నిజం. అన్నం మానేస్తే అది మాడిపోతుందన్నది నిజం కాదు. ఆ కణం ఎంత గ్లూకోజు తీసుకోవాలో మన కంచం నిర్ణయించదు, కణం లోపలి ఏర్పాట్లు నిర్ణయిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి మైక్రోఆర్‌ఎన్‌ఏలు. 2024లో నోబెల్ బహుమతి వీటిని కనిపెట్టినవారికే వచ్చింది.

కణానికి గ్లూకోజు ఎందుకు?

మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరుతుంది. కణం దాన్ని లోపలికి తీసుకుని శక్తిగా మార్చుకుంటుంది. ఆ శక్తి దాగి ఉండే పదార్థం పేరు ఏటీపీ. ఈ కథలో మనవాడు ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో కండరాల నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దీన్ని కనుగొన్నారు.

మామూలు కణం ఆక్సిజన్ సాయంతో గ్లూకోజును పూర్తిగా వాడుకుంటుంది. ఒక్కో గ్లూకోజు అణువు నుంచి దాదాపు 30 ఏటీపీలు రాబడుతుంది. క్యాన్సర్ కణాల్లో చాలావాటి తీరు వేరు. ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లూకోజును సగంలోనే విరిచి లాక్టిక్ ఆమ్లంగా వదిలేస్తాయి. ఇలా చేస్తే ఒక్కో అణువుకు దక్కేది 2 ఏటీపీలే. 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ ఈ వింతను గమనించారు. అందుకే దీన్ని వార్‌బర్గ్ ప్రభావం అంటారు.

ఇంత వృథా ఎందుకు? క్యాన్సర్ కణానికి కావలసింది శక్తి ఒక్కటే కాదు. అది ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరగాలి. కొత్త కణానికి కొత్త డీఎన్‌ఏ, కొత్త కొవ్వు పొర, కొత్త ప్రోటీన్లు కట్టాలి. విరిచిన గ్లూకోజు ముక్కలు ఆ కట్టుబడికి ముడిసరుకు అవుతాయి. అంటే గ్లూకోజు వాడకం, గడ్డ పెరుగుదల ఒకే పనికి రెండు వైపులు.

కాలువ, తూము, లస్కర్

దీన్ని మన కాలువలతో పోల్చి చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు బందరు కాలువలోకో, ఏలూరు కాలువలోకో వెళ్తుంది. అక్కడి నుంచి తూముల ద్వారా పంట బోదెల్లోకి, చేలల్లోకి చేరుతుంది. ఏ తూము షట్టర్ ఎంత ఎత్తాలో చూసుకునే మనిషి లస్కర్. ఆయన కాలువ తవ్వరు, నీరు తేరు. కానీ ఏ చేనుకు ఎంత చేరాలన్నది ఆయన చేతి మీదుగానే నడుస్తుంది.

రక్తం కాలువ, గ్లూకోజు నీరు అనుకుందాం. కణం గోడ మీద ఉండే గ్లట్-1 అనే ప్రోటీన్ తూము లాంటిది. గ్లూకోజు దాని గుండానే లోపలికి వస్తుంది. లోపల హెక్సోకైనేజ్-2 అనే ఎంజైమ్ వచ్చిన గ్లూకోజుకు ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ ముద్ర పడ్డాక గ్లూకోజు వెనక్కి పోలేదు. క్యాన్సర్ కణంలో తూములూ ఎక్కువే, ముద్ర వేసే ఎంజైమూ ఎక్కువే.

ఈ ప్రోటీన్లు ఎంత తయారవ్వాలో చూసే లస్కర్లలో మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఒకటి. ప్రోటీన్ తయారు చేయమనే ఉత్తర్వు డీఎన్‌ఏ నుంచి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ రూపంలో బయటకు వస్తుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏ సుమారు 22 అక్షరాల చిన్న తునక. అది ఆ ఉత్తర్వుకు అతుక్కుని ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది, లేదా ఆ ఉత్తర్వునే చింపేయిస్తుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో దీన్ని మొదట చూశారు. మనుషుల్లోనూ ఇదే ఏర్పాటు ఉందని తర్వాతి ఏళ్లలో తేలింది. 2024 నోబెల్ ఈ ఇద్దరికే.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఏం తప్పుతుంది?

కొన్ని లస్కర్లు మాయమవుతాయి. కొన్ని గీత దాటి పనిచేస్తాయి. బాగా తెలిసిన నాలుగింటిని చూద్దాం.

లెట్-7: ఇది ఎదుగుదలకు కళ్లెం వేసే మైక్రోఆర్‌ఎన్‌ఏ. కణాన్ని పెరగమని తోసే రాస్ అనే ప్రోటీన్‌ను అణచిపెడుతుంది. చాలా ఊపిరితిత్తుల గడ్డల్లో ఇది తగ్గి ఉంటుంది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో లెట్-7 బాగా తగ్గినవారు తక్కువ కాలం బతికారని జపాన్ పరిశోధకులు 2004లో చూపారు. శరీరం గ్లూకోజును వాడుకునే తీరుపైనా దీని ప్రభావం ఉందని 2011లో ఎలుకల్లో తేలింది.

మిర్-143: హెక్సోకైనేజ్-2ను నేరుగా తగ్గించేది ఇదే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇది తగ్గిపోయి, ముద్ర వేసే ఎంజైమ్ పెరుగుతుందని చైనా శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించారు. మైక్రోఆర్‌ఎన్‌ఏకు, గ్లూకోజు వాడకానికి మధ్య సూటి లింకు ఇది.

మిర్-21: ఇది రెండో రకం. క్యాన్సర్‌లో తగ్గదు, పెరుగుతుంది. పీటెన్ అనే బ్రేకును అణిచేస్తుంది. బ్రేకు పోతే గ్లూకోజు తూములు ఎక్కువ తెరుచుకుంటాయి, కణం పెరిగే జోరూ పెరుగుతుంది.

మిర్-210: గడ్డ పెరిగేకొద్దీ దాని నడిమధ్యకు ఆక్సిజన్ చాలదు. అప్పుడు ఇది పెరుగుతుంది. ఆక్సిజన్‌తో పనిచేసే మైటోకాండ్రియాను నెమ్మదింపజేసి, కణాన్ని గ్లూకోజు విరిచే దారికి మళ్లిస్తుంది.

ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏ పదుల, వందల ఉత్తర్వులను తాకగలదు. ఒక్కో ఉత్తర్వును అనేక మైక్రోఆర్‌ఎన్‌ఏలు తాకుతాయి. పొగాకు పొగ వల్ల, ఇతర కారణాల వల్ల జన్యువుల్లో వచ్చే మార్పులు వీటికి తోడవుతాయి. కాబట్టి ఒక్క దాన్ని సరిచేస్తే అంతా సర్దుకుంటుందనుకోవడానికి లేదు.

మరి అన్నం మానేస్తే?

మళ్లీ కాలువ దగ్గరికి రండి. కాలువ మొదట్లో ఒక రైతు తూము షట్టర్ విరగ్గొట్టి రాత్రీ పగలూ నీరు లాగేస్తున్నాడు. అతన్ని ఆపాలని బ్యారేజీ దగ్గర నీరు తగ్గించారనుకోండి. ముందు ఎండేది ఎవరి చేను? అతనిది కాదు, శివారు చేలు.

శరీరంలోనూ అంతే. మీ ఒంట్లో తిరిగే మొత్తం రక్తంలో ఒక్కసారి చూస్తే ఉండే గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూను. మీరు తిన్నా తినకపోయినా ఆ టీస్పూను తగ్గకుండా శరీరం కాపాడుతుంది. ఎందుకంటే మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాములు వాడుకుంటుంది. అన్నం మానేస్తే కాలేయం తన నిల్వలు తీస్తుంది. అవి అయిపోయాక కండరాన్ని కరిగించి, ఆ ప్రోటీన్ నుంచి గ్లూకోజు తయారుచేస్తుంది. గడ్డకు అందేది అందుతూనే ఉంటుంది. కరిగేది పేషెంటు కండ.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో జబ్బు వల్లే బరువు తగ్గడం మామూలు. దానికి మనం పస్తు కూడా జోడిస్తే కీమో, రేడియేషన్, ఆపరేషన్ తట్టుకునే శక్తి పోతుంది. అన్నం మాన్పించి ఈ క్యాన్సర్‌ను అదుపు చేయవచ్చని రుజువు చేసిన వైద్యం ఏదీ లేదు.

కాబట్టి అన్నం పెట్టండి. పక్కన పప్పు, గుడ్డు, చేప, పెరుగు తప్పక ఉండేలా చూడండి. ఒకేసారి తినలేకపోతే అయిదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. వారం వారం బరువు రాసుకుని డాక్టరుకు చూపించండి.

షుగర్ జబ్బు ఉన్నవారి మాట వేరు. వారు షుగర్‌ను అదుపులో ఉంచుకోవాల్సిందే. చికిత్సలో వాడే స్టెరాయిడ్ల వల్ల షుగర్ ఇంకా పెరగవచ్చు. అది మందులతో, డైటీషియన్ సలహాతో చేసే పని. పస్తులతో చేసేది కాదు.

ఆ ఆకలినే స్కాన్ వాడుకుంటుంది

గడ్డ గ్లూకోజును ఎక్కువగా లాగడం డాక్టర్లకు ఒక సాయం కూడా. పెట్ స్కాన్‌లో ఇచ్చే ఇంజెక్షన్ ఎఫ్‌డీజీ. ఇది రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజు లాంటి పదార్థం. అదే తూము గుండా కణంలోకి వెళ్తుంది. అదే హెక్సోకైనేజ్ ముద్ర వేస్తుంది. ఆ తర్వాత ముందుకు నడవలేక అక్కడే చిక్కుకుంటుంది. ఎక్కడ ఎక్కువ చిక్కుకుంటే అక్కడ తెరమీద వెలుగు కనిపిస్తుంది.

ఈ ఫ్లోరిన్ ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. ముందుగా తయారుచేసి అల్మరాలో పెట్టుకునే మందు కాదు. పేషెంటు ఆలస్యంగా వస్తే ఆ మోతాదు వృథా అవుతుంది. అందుకే స్కాన్ టైము తప్పకూడదు. వెళ్లేముందు ఇవి చూసుకోండి:

- సాధారణంగా 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగవచ్చు. కాఫీ, టీ, కొబ్బరినీళ్లు వద్దు.
- ముందురోజు బరువులెత్తడం, ఎక్కువ నడక, వ్యాయామం వద్దు. పనిచేసిన కండరాలు కూడా వెలుగుతాయి.
- షుగర్ ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. రక్తంలో చక్కెర 200 దాటితే చాలాచోట్ల స్కాన్ వాయిదా వేస్తారు. రక్తంలో ఎక్కువగా ఉన్న గ్లూకోజు, ఎఫ్‌డీజీతో పోటీపడి చిత్రాన్ని మసకబారుస్తుంది.
- ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో స్కాన్ సెంటర్‌ను అడిగే చేయండి. సొంతంగా ఆపవద్దు.
- ఇంజెక్షన్ ఇచ్చాక దాదాపు గంటసేపు కదలకుండా, ఎక్కువ మాట్లాడకుండా పడుకోవాలి.
- గర్భవతులైనా, పాలిచ్చే తల్లులైనా ముందే చెప్పాలి. స్కాన్ అయిన రోజు పసిపిల్లలకు, గర్భవతులకు కొన్ని గంటలు దూరంగా ఉండాలి.

పస్తు ఇక్కడ ఆ కొన్ని గంటలకే. స్కాన్ అయ్యాక కడుపునిండా తినవచ్చు.

వెలిగిందల్లా క్యాన్సర్ కాదు

రిపోర్టులో ‘ఎస్‌యూవీ’ అనే అంకె కనిపిస్తుంది. అది ఎంత ఎఫ్‌డీజీ చేరిందో చెప్పే కొలత. అంకె ఎక్కువగా ఉందంటే క్యాన్సర్ ముదిరిందని మీరే తేల్చేయవద్దు. టీబీతో, న్యుమోనియాతో పోరాడే తెల్లకణాలు కూడా గ్లూకోజును బాగా లాగుతాయి. అవీ వెలుగుతాయి. మనలాంటి టీబీ ఎక్కువగా ఉన్న దేశంలో ఇది చిన్న విషయం కాదు. మరోవైపు నెమ్మదిగా పెరిగే కొన్ని క్యాన్సర్లు పెద్దగా వెలగవు.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే టీబీ అనుకుని నెలలపాటు మందులు వాడి, చివరికి క్యాన్సర్ అని తేలేవారు మన దగ్గర తక్కువేం కాదు. రెండు వారాలు దాటిన దగ్గు, తెమడలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. టీబీ సమాచారానికి 1800-11-6666. కళ్లెలో టీబీ క్రిమి కనబడకపోయినా, టీబీ మందులు వాడుతున్నా తగ్గకపోయినా సీటీ స్కాన్, ముక్క పరీక్ష గురించి అడగండి.

తీర్పు చెప్పేది ముక్క పరీక్షే. ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అనే భయంతో దాన్ని వాయిదా వేయవద్దు. ఆ ముక్క మీదే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, రాస్-1 వంటి జన్యు పరీక్షలు, పీడీ-ఎల్1 పరీక్ష చేస్తారు. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్నవారికి కీమో కంటే మెరుగ్గా పనిచేసే మాత్రలున్నాయి. పొగ తాగని ఆడవారిలో కూడా ఈ మార్పు తరచూ కనిపిస్తుంది. ‘మా అమ్మ చుట్ట ముట్టలేదు, ఆమెకెందుకు ఈ పరీక్ష’ అనుకోకండి.

మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష, మందు దొరుకుతాయా?

ఇవాళ మీ డాక్టరు రాసే మామూలు పరీక్షల్లో ఇది లేదు. రక్తంలోని మైక్రోఆర్‌ఎన్‌ఏలను చూసి ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పట్టుకోవచ్చా అని పరిశోధనలు నడుస్తున్నాయి. ఇటలీలోని మిలాన్‌లో 4 వేలమందికి పైగా పొగతాగేవారిలో సీటీ స్కాన్‌తో కలిపి దీన్ని పరీక్షించారు. ఊరూరా వాడే స్థాయికి ఇది ఇంకా రాలేదు.

మందుల విషయం ఇంకా కష్టం. మిర్-34ను బయటి నుంచి అందించే మందును అమెరికాలో మనుషులపై ప్రయోగించారు. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురుతిరగడంతో 2016లో ఆపేశారు. ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ ఎన్నో ఉత్తర్వులను తాకుతుందని పైన చెప్పుకున్నాం. దాన్ని ఒళ్లంతా పంపితే గడ్డలోనే ఆగదు. ఇదే పెద్ద చిక్కు.

కాబట్టి ‘మైక్రోఆర్‌ఎన్‌ఏ సరిచేసే’ పొడులు, టానిక్కులు ఎవరైనా అమ్ముతుంటే డబ్బు కట్టకండి. పరీక్ష చేస్తామంటే ఒక్క ప్రశ్న అడగండి: ఈ రిపోర్టు వల్ల నా చికిత్సలో ఏం మారుతుంది? జవాబు లేకపోతే ఆ డబ్బు ఈజీఎఫ్‌ఆర్ పరీక్షకు ఉంచుకోండి.

విజయవాడ చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లాలి?

మొదటి పరీక్షలకు విజయవాడ జీజీహెచ్ ఉంది. క్యాన్సర్ చికిత్సకు గుంటూరు జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టు సాయంతో కట్టిన ప్రత్యేక కేంద్రం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలో నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఏ స్కాన్, ఏ పరీక్ష ఎక్కడ దొరుకుతుందో బయల్దేరే ముందే ఫోన్‌లో కనుక్కోండి.

ఖర్చు విషయంలో:

- ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. మీ కార్డుకు అర్హత ఉందా, ఏ చికిత్స వస్తుంది, పెట్ స్కాన్ వస్తుందా అన్నది 104కు ఫోన్ చేసి లేదా నెట్‌వర్క్ ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో అడగండి. డబ్బు కట్టక ముందే అడగండి.
- 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు చికిత్సకు ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది.
- చికిత్సకు వేరే ఊరు వెళ్లే క్యాన్సర్ పేషెంట్లకు రైల్వే రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో పేషెంటుకు పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి.
- పొగాకు మానేందుకు ఉచిత సలహాకు 1800-11-2356. క్యాన్సర్ తేలాక కూడా మానడం వల్ల చికిత్స బాగా పనిచేస్తుంది. ‘ఇప్పుడు మానేసి ఏం లాభం’ అనవద్దు.

రిపోర్టులన్నీ, అసలు సీడీలతో, ముక్క పరీక్ష బ్లాకుతో సహా ఒకే ఫైలులో తేదీల వరుసలో పెట్టుకోండి. ఆసుపత్రి మారినా పరీక్షలు మళ్లీ చేయించాల్సిన అవసరం తగ్గుతుంది.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. ముక్క పరీక్షలో ఏ రకమని తేలింది? జన్యు పరీక్షలు చేశారా? పేషెంటు బరువు తగ్గకుండా ఏం పెట్టాలి? మూడో ప్రశ్న అడిగి చూడండి. అన్నం మాన్పించమని ఏ క్యాన్సర్ డాక్టరూ చెప్పరు.